వెనక్కి పెట్టిన కార్డు

పళ్ళెం ఇంకా ముందు చాప మీదే ఉంది. అక్కణ్ణుంచి జానకి కూర్చున్న చాప దాకా రావాలంటే మధ్యలో మూడు చాపలు దాటాలి. చాపకు ఎనిమిది తొమ్మిదిమంది ఆడవాళ్ళు. ఒక్కొక్కరూ కళ్ళు మూసుకొని కార్డు తీయాలి, కళ్ళకద్దుకోవాలి, చదువొచ్చినవాళ్ళు చదువుకోవాలి, రానివాళ్ళు పక్కవాళ్ళ ఒళ్ళో పెట్టి చదివించుకోవాలి, ఇద్దరూ కలిసి స్తోత్రమనాలి, అప్పుడుగానీ పళ్ళెం జరగదు. తొంభై ఒకటో సంవత్సరం మొదటి రోజు, పొద్దున పదిన్నర. మిర్యాలగూడలో రైసుమిల్లుల వెనక వీధి, రేకుల కప్పు చర్చి, ఎడమ పక్క మగవాళ్ళు, కుడి పక్క ఆడవాళ్ళు. ఏడాదికి సరిపడా వాగ్దానం ఒక్కొక్క కార్డు మీద ఒక్కొక్క వాక్యంగా అచ్చయి, బోర్లా పడుకొని, స్టీలు పళ్ళెంలో లేసు గుడ్డ కింద ఎదురుచూస్తోంది. ఎవరి చేతికి ఏది వస్తే ఆ ఏడు వాళ్ళకు అది. దేవుడే ఇచ్చాడని కొందరంటారు, అమ్మగారు కత్తిరించిన వరసలో వచ్చిందని ఇంకొందరు మనసులో అనుకుంటారు, పైకి మాత్రం అందరూ స్తోత్రమే అంటారు. అమ్మగారంటే పాస్టరయ్యగారి భార్య. పళ్ళెం పట్టుకొని లేచి నిలబడగానే ఆమె అన్న మొదటి మాట జానకి చెవిలో ఇంకా తిరుగుతోంది. "పోయినేడు మన జానకమ్మకు రెండు కార్డులు అతుక్కొని వచ్చినయంట. పాపం, ఒకటి ఎనక్కి పెట్టవల్సి వచ్చింది. అందుకే ఈసారి పౌడరు చల్లిన. ఇగ అతుక్కోవు."

అందరూ నవ్వారు. జానకి కూడా నవ్వింది. ఆ నవ్వు ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకే తెలియదు. పౌడరు వాసన ముందు చాపనుంచి మెల్లగా ఇటు వస్తోంది, పసిపిల్లకు స్నానం చేయించి ఎత్తుకొస్తున్నట్టు. ఒక అబద్ధానికి అమ్మగారు డబ్బా పౌడరు ఖర్చుపెట్టింది. ఈ సంగతి ఇంకెవరి సంగతో అయితే జానకి సాయంత్రం దాకా నవ్వుకొని ఉండేది, భర్త హర్యాకు అన్నం పెడుతూ అమ్మగారి గొంతుతోనే చెప్పి అతన్నీ నవ్వించేది. ఇప్పుడు మాత్రం చూపు నేల మీదకి పోయింది, నేల మీదనుంచి అవతల మగవాళ్ళ వైపు, తలుపు పక్కన, మణెమ్మ మొగుడు భిక్షపతి కూర్చునే చోటుకి పోయింది. అక్కడ ఎవరూ కూర్చోలేదు. కూర్చోకూడదని ఎవరూ చెప్పలేదు, అయినా కూర్చోలేదు. ఆ చోట నేల తడిగా ఉంది. నీళ్ళకుండ అక్కడే కదా ఉంది, ఎవరో ముంచుకుంటే ఒలికి ఉంటుంది అనుకుంది జానకి. కుండ అక్కడ లేదు. కుండ ఇవతలి కిటికీ కింద ఉంది.

"జర జరుగు చెల్లె." మణెమ్మ వచ్చి పక్కన కూర్చుంది. అదే చాప, అదే చోటు, పోయినేడు కూర్చున్నట్టే జానకికి కుడిచేతి వైపు. కోదాడనుంచి పొద్దున బస్సుకు వచ్చిందట, అన్న ఇంట్లో ఉంటోందట, అక్కడ మిరపతోటల్లో కూలికి పోతోందట. మనిషి సగమైంది. నుదురు ఎప్పుడూ బోసిదే, మెడ ఇప్పుడు బోసిదైంది. "ఎట్లున్నవక్కా" అని జానకి అడిగితే "బాగానే ఉన్నానండీ" అంది, అని తనే నాలుక కరుచుకుంది. "సూడు, నాలుగు నెలలకే అండీలొచ్చినయి. ఇంకో నాలుగు నెలలుంటే మా బర్రెను గూడ మీరు మీరు అంటనేమో." ఆ మాటకు జానకి నోరు తెరిచింది, నవ్వు రాలేదు. ఆమె చీర కొంగునుంచి కాలువ నీళ్ళ వాసన వస్తోందని ఎందుకనిపించింది? సబ్బు వాసన, మిరపఘాటు, బస్సు డీజిలు, ఇవేగా. ఆగస్టు నుంచి ఇదే వరస. కుళాయి విప్పితే కాలువ. బిందె నింపితే కాలువ. తలమీద చెంబుతో నీళ్ళు పోసుకునేటప్పుడు ఆ రెండు క్షణాలు కళ్ళు మూసుకోవాలి కదా, ఆ రెండు క్షణాల్లో ఎవరో కిందికి గుంజుతారు. అందుకే కళ్ళు తెరిచే పోసుకుంటుంది, సబ్బు మండినా సరే. సూర్యాపేట బస్సు కాలువ వంతెన మీదికి ఎక్కగానే మాత్రం రెండు కళ్ళూ గట్టిగా మూసుకుంటుంది. బీయే చదివిన మనిషి.

పోయినేడు ఇదే తారీఖున, ఇదే పళ్ళెం. జానకి కళ్ళు మూసుకొనే తీసింది, అందులో మోసం లేదు. తెరిచి చూసింది. పైన నీలిరంగు అలల బొమ్మ, కింద వాక్యం. నీళ్ళలోనుంచి నడిచి పోయేటప్పుడు నేను నీకు తోడుగా ఉంటానని ఆయన అన్న మాట. ఇంకెవరైనా అయితే ఎంత మంచి వాక్యమమ్మా అనేవాళ్ళు. జానకి అందులో రెండో సగం చదవనేలేదు. నీళ్ళు. అంతే కనిపించింది. నీళ్ళలో పడితేగా తోడుండే పని. హర్యా సాగర్ ఎడమ కాలువ మీద లష్కరు, పగలంతా కట్ట మీద సైకిలు, తూముల దగ్గర షట్టర్లు ఎత్తడం దించడం, గడ్డి అడ్డంపడితే నడుముల్లోతు దిగి తీయడం. అతనికి గండం రాసిపెట్టి, కబురు ముందుగా పెళ్ళాం చేతికిచ్చారు. ఈ లెక్క వేయడానికి ఆమెకు ఒక ఊపిరి పట్టిందేమో. రెండో ఊపిరిలో వేలు కార్డును లేసు గుడ్డ కిందికి నెట్టేసింది. మూడో ఊపిరిలో నోరు "రెండు అతుక్కున్నయ్ అమ్మగారూ" అంది, ఎంత చక్కగా అందంటే, అమ్మగారు "అయ్యో, ఒకటే ఉంచుకో తల్లీ" అంది. తీసుకున్న రెండోది గుడారం కార్డు. ఏ కీడూ నీ గుడారం దగ్గరికి రాదన్న మాట. ఆ, ఇదీ వాగ్దానమంటే. తాతముత్తాతలు ఎద్దుల మీద ఉప్పు మూటలేసుకొని గుడారాల్లో తిరిగినవాళ్ళు, తండా పిల్లకు గుడారం కార్డు కాక ఏం వస్తుంది అనుకొని, ఎవరూ చూడకుండా మురిసింది కూడా. పళ్ళెం కుడిపక్కకి జరిగింది. మణెమ్మ తీసింది. మణెమ్మకు చదువు రాదు. "ఏముందే చెల్లె, సదువు" అని జానకి ఒళ్ళో పెట్టింది. నీలిరంగు అలలు.

అక్కడే కదా. ఏడాదిలో ఎన్నిసార్లు తిరిగి ఆ చోటికే వచ్చి నిలబడింది. ఏదో ఒకటి చదివేస్తే పోయేది. దీవెన అనో, శాంతి అనో, నోటికొచ్చిన నాలుగు మంచి మాటలు. మణెమ్మకేం తెలుస్తుంది? ఒక నిమిషం కింద అంత చక్కగా అబద్ధమాడిన నోరు, అవసరమైనప్పుడు మాత్రం సత్యవంతురాలైపోయింది. ఉన్నది ఉన్నట్టు చదివింది, పాఠశాలలో తెలుగు వాచకం చదివినట్టు, ఒత్తులు పోకుండా. మణెమ్మ ముఖం వెలిగింది. ఇంకోసారి చదవమంది. ఇంకోసారి చదివింది. మూడోసారి మణెమ్మే తనతో పాటు పెదవులు కదిపి, నేర్చుకొని, కార్డును ముద్దుపెట్టుకొని రవికెలో దాచుకుంది. తలుపు దగ్గరనుంచి భిక్షపతి మెడ సాచి చూసి, ఏమొచ్చిందన్నట్టు గడ్డమెగరేశాడు. మంచిదొచ్చిందని మణెమ్మ చెయ్యి తిప్పింది. ఆయన పండ్లు కనిపించేలా నవ్వాడు. మిల్లులో బస్తాలు మోసే మనిషి, పండగ రోజున కూడా తలవెంట్రుకల్లో తవుడు ఉండేది.

పళ్ళెం రెండో చాపకు వచ్చింది. ఎవరికో పొడుగాటి వాక్యం వచ్చినట్టుంది, చదువుతూనే ఉన్నారు.

గుడారం కార్డును జానకి సూర్యాపేట తీసుకుపోయి ప్లాస్టిక్ వేయించింది. కాలేజీ చదివిన ఊరు, ఏ దుకాణంలో ఏముంటుందో తెలుసు. ఒకటికి మూడు చేయించింది, అసలుది ఒకటి, జిరాక్సులు రెండు. ఒకటి గుమ్మం పైన, ఇదివరకు ఆ ఇంటివాళ్ళు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టుకున్న మేకుకే. ఒకటి బియ్యం డబ్బా మీద. అసలుది హర్యా చొక్కా జేబులో. "ఇదేందే, గుచ్చుతంది" అన్నాడతను. గుచ్చితే గుచ్చనియ్, తీసినవంటే సూడు అంది. చొక్కా ఉతికిన ప్రతిసారీ తీసి, ఆరిన చొక్కాలోకి మార్చి, అతను సైకిలెక్కేదాకా జేబు మీదే చూపు. అప్పట్లో మోకరించి ప్రార్థన చేసేదా? చేసేది. చేస్తూ చేస్తూ మధ్యలో ఆపి, కార్డు జేబులో ఉందో లేదో చూసొచ్చేది. ఇప్పుడు తలుచుకుంటే, ఆ ఏడంతా ఆమె ఎవరికి మొక్కిందో ఆమెకే సరిగ్గా చెప్పడం రాదు. యేసయ్యకా, ప్లాస్టిక్‌కా. పరీక్షలో కాపీ కొట్టిన పిల్ల మేష్టారు ఎదురైతే పక్క సందులోకి తిరిగినట్టు, ఆయన ముఖం ఎదురుపడకుండా, ఆయన రాసిన చీటీని మాత్రం పట్టుకొని తిరిగింది.

ఆగస్టు చివర్లో కాలువ నిండా నీళ్ళు వదిలారు. ఆదివారం ఆరాధన అయిపోయాక భిక్షపతి స్నానానికి కాలువకు పోయాడు, ఇంట్లో బట్టలు మార్చుకొని, భుజాన తువ్వాలు వేసుకొని, జానకి వాకిలి ముందునుంచే. "వదినా, హర్యా అన్న డ్యూటీకి పోయిండా? ఎదురైతే సాయ్ తాపిస్త" అన్నాడు. సిమెంటు వేసిన వాలు, దాని మీద పచ్చటి నాచు. ఈత రాదు. అటు ఒడ్డునుంచి గొర్లు మేపుకునే అంజన్న చూశాడట, కేకలేశాడట, చెయ్యి ఒకసారి పైకి వచ్చిందట, తువ్వాలు ఇంకా చాలా దూరం కనిపించిందట. రెండు రోజులు వెతికారు. మూడో పొద్దున తూము కాడ, షట్టరు దగ్గర గడ్డి అడ్డంపడిందని హర్యా దిగాడు. గడ్డి కాదు. జానకి అది చూడలేదు, చూడకపోయినా చూస్తూనే ఉంటుంది. హర్యా ఇంటికొచ్చి వాకిట్లో తడి బట్టలతోనే కూలబడ్డాడు. కార్డు వచ్చినప్పటినుంచీ ఆమె భయపడ్డ నీళ్ళు అతని ఒంటినుంచి కారి గడప మీదుగా లోపలికి వస్తున్నాయి. ఆమె చేసిన మొదటి పని ఏమిటి? జేబులో చెయ్యి పెట్టడం. కార్డు ఉంది. ప్లాస్టిక్‌లో ఉంది కదా, చుక్క కూడా తడవలేదు. ఏ కీడూ నీ గుడారం దగ్గరికి రాదు. నిజమే, రాలేదు. నాలుగిళ్ళ అవతలి గుడారానికి పోయింది. ఎవరు దారి చూపిస్తే పోయింది?

"నిద్రొస్తుందా ఏంది? మూడో చాపకొచ్చింది" అని మణెమ్మ మోచేత్తో పొడిచింది. జానకి ఉలిక్కిపడింది. ఆ మోచెయ్యి వెచ్చగా ఉంది, బతికిన మనిషి మోచెయ్యి. తలుపు పక్క తడి ఇప్పుడు కొంచెం పెద్దదైనట్టుంది. చూడొద్దు. మగవాళ్ళ వైపు పళ్ళెం తొందరగా పోతోంది, వాళ్ళకు ఓపిక తక్కువ. హర్యా మూడో వరసలో, తెల్లచొక్కా, జేబు దగ్గర నాలుగు పలకల ముద్ర.

ఆ తర్వాత ఏం చేసిందో కూడా చెప్పుకోవాలి. సూర్యాపేటలో సువార్త కూడికలు జరిగితే పోయి, ప్రార్థన చేసిచ్చిన నూనె సీసా తెచ్చింది, గడపకు రాసింది, సైకిలు చెయినుకు కూడా రాసింది. హర్యా చెయిను చాలా రోజులు చప్పుడు చేయలేదు, అదొక్కటే ఆ నూనెతో కనిపించిన మేలు. అయినా నీళ్ళ చప్పుడు ఆగలేదు. చివరికి అక్టోబరులో, యాడిని, అంటే అమ్మను, చూసొస్తానని చెప్పి దామరచర్ల అవతల తమ తండాకు పోయి, సోదె చెప్పే సేవ్యా భగత్ ముందు కూర్చుంది. బాప్తిస్మం తీసుకున్నప్పుడు మెళ్ళో తాయెత్తు కోసి యాడి చేతిలో పెట్టి, ఇవన్నీ ఉత్తవే యాడీ అని నీతులు చెప్పిన బిడ్డ. యాడి ఇత్తడి పళ్ళెం తెచ్చిచ్చింది. ఆ పళ్ళేనికి లేసు గుడ్డ లేదు, తేడా అదొక్కటే. సేవ్యా పిడికెడు జొన్నలు తీసి పళ్ళెంలో పోసి జత జతగా పక్కకు నెట్టాడు. జతలన్నీ పోయి ఏమీ మిగలకపోతే క్షేమం, ఒక్కటి ఒంటరిగా మిగిలితే చావు మనిషి వెంట ఉన్నట్టు. నెడుతున్నాడు, నెడుతున్నాడు, చివర మూడు గింజలు. ముసలాయన ఆమె ముఖం ఒకసారి చూశాడు. రెండు గింజలు నెట్టాడు. మూడోది లేదు. "పోయింది బిడ్డా, నిన్నిడిసి పోయింది, నిమ్మలంగుండు" అన్నాడు. ఆయన బొటనవేలు పళ్ళెం అంచుకు అతుక్కొని ఉంది. జానకికి ఆ బొటనవేలు ఎందుకంత తెలిసినట్టు అనిపించిందంటే, అది తన వేలే. లేసు గుడ్డ కిందికి పోయిన వేలు. జాలిపడి చేశాడు పాపం, మంచి ముసలాయన. లేచి దండం పెట్టి బస్సెక్కింది. దారి పొడవునా ఒక గింజ బొటనవేలి కింద ఒత్తుకుంటున్నట్టే ఉంది.

తాయెత్తుకు ముందు, కార్డుకు ముందు, అసలు ఏదీ లేనప్పుడు ఒకసారి. పదేళ్ళ పిల్ల, బాపు మంగ్త్యా తెచ్చి మిర్యాలగూడ హాస్టల్లో వదిలేసి పోయిన మధ్యాహ్నం. తెలుగు నాలుగు మాటలకన్నా రాదు. నీళ్ళ డ్రమ్ము వెనక కూర్చొని ఏడుస్తుంటే ఒక టీచరమ్మ వచ్చి, బతిమాలి చూసి, బెదిరించి చూసి, చివరికి తనూ డ్రమ్ము వెనకే నేల మీద కూర్చుంది. యేసయ్యతో చెప్పుకో, అంది. పిల్ల సైగ చేసింది, నాకు మీ మాట రాదు కదా. ఆయనకు మీ మాట వస్తుందిలే, అంది టీచరమ్మ. వస్తుందేమోనని తండా మాటలో రెండే రెండు ముక్కలంది జానకి. భయమైతంది. రా. ఎవరో వచ్చినట్టు ఆకాశం ఏమీ తెరుచుకోలేదు. యాడి రాలేదు, బాపు తిరిగి రాలేదు. కానీ డ్రమ్ము వెనక చోటు ఇంతకు ముందులా ఖాళీగా లేదు. అదెట్లా చెప్పాలో బీయే పాసైనా రాలేదు. చేతిలో ఏమీ లేదు ఆ రోజు, పట్టుకోవడానికి ఆయన తప్ప. ఆ పిల్లే పెద్దదై గుమ్మానికొకటి, డబ్బాకొకటి, జేబుకొకటి కట్టుకుంది. కట్టుకున్న కొద్దీ భయం పెరిగింది.

పళ్ళెం నాలుగో చాప మీదికి వచ్చింది. ఎదురు వరస. పౌడరు వాసన ముక్కుపుటాల్లో. ఇంక ఐదుగురు. చెప్పాలి. చెప్పకపోతే పళ్ళెం వస్తుంది, తను తీస్తుంది, మణెమ్మ తీస్తుంది, సదువు చెల్లె అని ఒళ్ళో పెడుతుంది, ఆ కార్డు మీద ఏముంటుందో, మళ్ళీ తన నోటితోనే. చెబితే? చెబితే ఆమె ఇక్కడే ఒర్రుతుంది, కొంగు పట్టి గుంజుతుంది, నా మొగణ్ణి తిన్నవు కదే అంటుంది, హర్యా లేచి చూస్తాడు, అమ్మగారు పౌడరు చేత్తో నోరు మూసుకుంటుంది. అననీ. నలుగురు. తలుపు పక్క తడి చాప అంచుకు తగిలింది. ముగ్గురు.

"అక్కా" అంది జానకి, తల ఎత్తకుండా. "పోయినేడు నీకొచ్చిన కార్డు, అది నీది కాదు. ముందుగాల నాకొచ్చింది. నీళ్ళని సూసి భయపడి ఎనక్కి పెట్టిన. అతుక్కున్నయన్నది అబద్ధం."

ముందు చాపలో ఎవరో స్తోత్రమన్నారు. మణెమ్మ కొంగు చివర దారం ఒకటి లాగి, వేలికి చుట్టుకొని, విప్పి, మళ్ళీ చుట్టుకుంది.

"గందుకా నువ్వు కట్ట మీదికి రాలేదు?"

జానకి తలెత్తింది. ఈ ప్రశ్న ఆమె లెక్కలో ఎక్కడా లేదు.

"రెండు రోజులు కూసున్న జానకీ. మిల్లోళ్ళొచ్చిండ్రు, మా అన్నొచ్చిండు, మొకం తెల్వనోళ్ళు గూడ వచ్చి కూసున్నరు. నీ మొగడు నీళ్ళల్ల దిగి ఎతుకుతుంటే నువ్వేమొ ఇంట్ల తలుపేసుకుంటివి. ఫ్లాస్కుల సాయ్ పోసి పంపితివి. ఎవలు తాగిన్రో ఏమో. మన్నుల పెట్టిన్నాడు గూడ నడుమల్ల లేచి పోతివి. నేనేం జేసిన్నా అని నాలుగు నెలలు గదే సోంచాయించిన. మా వదిననడిగితే, పెద్ద సదువు కదా, కూలోళ్ళ పక్కన కూసోదేమో అన్నది."

"అక్కా, ఆ కార్డు..."

"కార్డు పాడుగాను! కాలువ కార్డులు సదువుకొని మనుషుల్ని గుంజుతదా? ఈతరానోడు నాచు మీద కాలు పెట్టిండు. వద్దన్న, ఇన్లే. ఎన్నడు ఇన్నడు గనక." గొంతు తగ్గించింది, అమ్మగారు ఇటు చూస్తోంది. రవికెలోనుంచి తీసింది. నీలిరంగు ఎప్పుడో పోయింది, అలలు పోయాయి, అక్షరాలు చెమటకు అలుక్కుపోయి బూడిద మరకైంది, కార్డు కాదిప్పుడు, ఉత్త అట్టముక్క. "నాకు సదువు రాదు కదా. నువ్వు మూడుసార్లు సదివినవు సూడు, గదే మాట. రెండు రోజులు ఆ నీళ్ళను సూస్కుంట గదే అనుకుంట కూసున్న. నీ గొంతుతోనే ఇనొచ్చేది. నా భిక్షపతి రాలే. నేనడిగింది గాలే. గని ఒంటిగ లేను జానకీ. ఒట్టు, ఒంటిగ లేను. యేసయ్య వచ్చి కూసున్నడు. నువ్వే రాలె."

నువ్వే రాలె. ఏడాదంతా జానకి ఒక నేరాన్ని మోసింది, పెంచింది, దానికి నూనె రాసింది, జొన్నలు లెక్కపెట్టించింది. అది నేరమే కాదట. అసలుది పక్కనే పడి ఉంది, నాలుగిళ్ళ అవతల, కట్ట మీద, ఫ్లాస్కు పక్కన. తోడుంటాను అన్న మాటను భయపడి తోసేసిన మనిషి తోడుండాల్సిన చోటికి ఎట్లా పోతుంది? ఆయన నీళ్ళ దగ్గర కూర్చొని ఉంటే తను ఆయన్ని గుమ్మం మేకు దగ్గర వెతికింది. ఏడుపు రాలేదు. పాత ముడి ఒకటి విడిపోయింది, అంతకన్నా ఎక్కువ నొప్పితో ఇంకొకటి పడింది. ఈ నొప్పి మాత్రం నిజమైనదని తెలుస్తోంది.

"తప్పయింది అక్కా."

"అయింది." మణెమ్మ అట్టముక్కను మళ్ళీ రవికెలో పెట్టుకుంది. కాదని అనలేదు, పోనీలే అని కూడా అనలేదు. "చర్చి అయినంక కట్ట కాడికి పోవాలె. గా దినం నుంచి నేను మల్ల పోలే. గందుకే వచ్చిన. ఒక్కదాన్ని పోబుద్ధైతలేదు" అంది, పళ్ళెం వైపు చూస్తూ.

పళ్ళెం వచ్చింది. అమ్మగారు వంగి, "తీయమ్మా జానకమ్మా, ఈసారి భయం లేదు" అంది, పౌడరు సంగతి అనుకొని. జానకి చెయ్యి పెట్టింది. వేళ్ళకు మెత్తటి పొడి. తీసింది. ఒక్కటే వచ్చింది. బోర్లానే ఒళ్ళో పెట్టుకుంది. మణెమ్మ తీసి, అలవాటుగా జానకి ఒళ్ళో పెట్టింది, "సదువు". చేతుల పని దీవిస్తాడని ఉంది. జానకి చదివింది, ఒత్తులు పోకుండా. "మిరపకాయలు కోసుడా? దీవించనీ, కండ్లు మండుతున్నయ్" అంది మణెమ్మ. "నీది?"

"తర్వాత సూస్త."

"భయమా?"

"భయమే. ఏముంటే ఏంది గని. పోదాం పా."

బయట ఎండలో హర్యా సైకిలు దగ్గర నిలబడి తన కొత్త కార్డును అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. "ఏందే, దీనికి గూడ ప్లాస్టిక్ ఏయించాల్నా?" అన్నాడు. జానకి అతని జేబులో వేళ్ళు పెట్టి పాతది తీసింది, అంచులు ఇంకా వాడిగానే ఉన్నాయి. ఏడాదిగా అతని ఛాతీ మీద అది గుచ్చుకున్న చోట తడిమి, "వద్దు. తడిస్తే తడవనీ" అంది. అతనికి అర్థం కాలేదు. మణెమ్మను చూశాడు, తల దించుకున్నాడు, ఆమె మొగుణ్ణి ఆ తూము దగ్గర పైకి తీసిన మనిషి కదా. "నేను గూడ రావాల్నా" అన్నాడు. "నువ్వు రెండు రోజులున్నవు. ఇయ్యాల నా వంతు" అంది జానకి.

కాలువ నిండుగా ఉంది, యాసంగి పంటకు వదిలిన నీళ్ళు. చప్పుడు దూరంనుంచే వినిపించింది, నాలుగు నెలలుగా బిందెలో, చెంబులో, చెవిలో విన్నదే. దగ్గరికి పోతే అంత పెద్ద చప్పుడేమీ కాదు. మణెమ్మ మెట్ల దగ్గర ఆగిపోయింది. జానకి కళ్ళు మూసుకుపోబోయాయి, తెరిచి పెట్టింది, సబ్బు మండినప్పటిలాగే. పచ్చటి నాచు. ఒక చేతిలో చదవని కార్డు, ఇంకో చేతిలో మణెమ్మ చెయ్యి. రెండూ పట్టుకొని దిగడం కుదరదు. కార్డును కట్ట మీద, రాయి కింద పెట్టింది. ఆ చేత్తో మెట్టు పక్క ఇనుప కడ్డీ పట్టుకుంది, రెండో చేత్తో మణెమ్మను పట్టుకుంది, మొదటి మెట్టు దిగింది. నీళ్ళు పాదం మీదికి వచ్చాయి, చల్లగా, ఎవరి చెయ్యీ కాకుండా, ఉత్త నీళ్ళలాగా. పదేళ్ళప్పుడు నీళ్ళ డ్రమ్ము వెనక అన్న మాటలే, ఇన్నేళ్ళ తర్వాత, తండా మాటలోనే, ఏ కార్డు మీదా అచ్చు కాని రెండు ముక్కలు పెదవుల మీదికి వచ్చాయి.

భయమైతంది. రా.

రెండో మెట్టు దిగింది.